ఒంట్లో వేసిన రాడ్డు తుప్పు పడుతుందా?

(హన్మకొండలో మామూలు జనం కోసం పెట్టిన ఒక సైన్సు సభలో, మెటలర్జీ పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడి ప్రసంగం ఇది. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్ల మాత్రం కత్తిరించాం.)

పెద్దలకు, అమ్మలకు, వెనక నిలబడ్డ ఇంటర్ పిల్లలకు నమస్కారం.

పోస్టర్ మీద రాసిన ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. పడుతుంది. ఒంట్లో వేసిన ప్రతి రాడ్డూ, ప్రతి ప్లేటూ, ప్రతి స్క్రూ ఎంతో కొంత తుప్పు పడుతూనే ఉంటుంది. "మాది అసలు తుప్పే పట్టని రకం" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. కాలిలో రాడ్డుతోనే ఏళ్ల తరబడి పొలం చేసుకుంటున్నవాళ్లు మీకూ తెలుసు. కొద్దిమందికే ఇబ్బంది వస్తుంది. వాళ్లకే ఎందుకు వస్తుంది, లోహంలో సరిగ్గా ఏ చోట మొదలవుతుంది అన్నది చెప్పడానికే వచ్చాను. నేను డాక్టర్ని కాను, లోహాల పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. మందుల సంగతి మాత్రం నన్ను అడగొద్దు. (నవ్వులు)

బండి మీద నుంచి పడి తొడ బొక్క ఇరిగినవాళ్లు లేని వాడ మన దగ్గర ఉండదు. ఎవరినడిగినా "రాడ్ ఏసిండ్రు" అంటారు. ఆ ఒక్క మాటలో రాడ్డు, ప్లేటు, స్క్రూ, తుంటిలో పెట్టే బంతి అన్నీ కలిసిపోతాయి. లోహాల లెక్కలో చూస్తే మాత్రం ఎక్కువగా కనిపించేవి మూడే: స్టెయిన్‌లెస్ స్టీలు, కోబాల్ట్ క్రోమియం మిశ్రమం, టైటానియం. విరిగిన ఎముకకు వేసేవి చాలావరకు స్టీలువో, టైటానియంవో అయి ఉంటాయి. మోకాలు మార్పిడిలో తొడ ఎముక చివర తొడిగే ముక్క సాధారణంగా కోబాల్ట్ క్రోమియంది.

లోహానికి మన ఒళ్లు మంచి చోటు కాదు. సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది చూడండి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు అన్నమాట. రక్తానికి దగ్గరగా ఉండాలనే అంత కలుపుతారు. ఆ ఉప్పునీరు 37 డిగ్రీల వెచ్చదనంలో, ఆక్సిజన్ కరిగి, రాత్రీపగలూ లోహాన్ని తడుపుతూనే ఉంటుంది. ఉప్పులో ఉండే క్లోరైడే లోహానికి పెద్ద శత్రువు. ఆపరేషన్ అయిన కొత్తలో ఇంకో చిక్కు ఉంది. మామూలుగా 7.4 ఉండే పీహెచ్, కోసిన చోట కొన్నాళ్లపాటు 5 దరిదాపులకు పడిపోవచ్చు. అంటే అక్కడ ఆమ్లం పెరుగుతుంది. చీము పట్టినా అంతే. పైగా బయటి వస్తువు తగిలితే మన రక్షణ కణాలు ఊరుకోవు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటు రసాయనాలు వదులుతాయి.

ఇవేవీ తెలియని రోజుల్లో, 1890లలో, లండన్‌లో విలియం ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ ఎముకలకు ఉక్కు స్క్రూలు వేయడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ప్లేట్లూ వేశాడు. అవి తుప్పు పట్టాయి. 1912లో అమెరికాలో షెర్మన్ అనే సర్జన్ వెనేడియం అనే లోహం కలిపిన ఉక్కుతో ఇంకా బలమైన ప్లేట్లు చేయించాడు. బలం వచ్చింది గానీ తుప్పు ఆగలేదు. మరుసటి ఏడే, 1913లో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహ నిపుణుడు క్రోమియం కలిపిన ఉక్కు తయారుచేశాడు. మన వంటింటి స్టీలుకు అదే మొదలు. ఒంట్లో వేసే స్టీలు అందులోంచి పుట్టడానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

ఇక్కడ మన నేల మాట ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులని లోకం చెప్పుకునే కత్తులు అలాంటి ఉక్కుతో చేసినవే. దాని గొప్పదనమంతా అందులోని కార్బన్‌లో ఉంది, సుమారు ఒకటి నుంచి రెండు శాతం. ఒంట్లో వేసే స్టీలులో అదే కార్బన్ 0.03 శాతం దాటకూడదు. ఈ స్టీలు పేరు 316ఎల్. చివరి ఎల్ అక్షరం కార్బన్ తక్కువ అని చెప్పడానికే. కార్బన్ ఎక్కువైతే అది క్రోమియాన్ని పట్టుకుని లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల అంచుల్లో పేరుకుంటుంది. అప్పుడు ఆ అంచు చుట్టూ క్రోమియం కరువై, తుప్పు ఆ దారినే లోపలికి దిగుతుంది. మన తాతలు కష్టపడి ఎక్కించినదాన్ని ఇప్పుడు మనం కష్టపడి దింపుతున్నాం. (నవ్వులు)

ఈ 316ఎల్‌లో క్రోమియం 17 నుంచి 19 శాతం ఉంటుంది, నికెల్ 13 నుంచి 15. మాలిబ్డినం 2.25 నుంచి 3 శాతం. ఇంట్లో మంచి రకం స్టీలు గిన్నె అంటే క్రోమియం 18, నికెల్ 8, అంతే. మాలిబ్డినం కలపరు. క్లోరైడ్ వల్ల చుక్కలు చుక్కలుగా గుంటలు పడకుండా అడ్డుపడేది ఆ మాలిబ్డినమే. కాబట్టి "గిన్నె స్టీలే కద సారూ" అని ఎవరైనా అంటే కాదని చెప్పండి.

ఇప్పుడు అసలు సంగతి. స్టీలు, టైటానియం తుప్పుకు లొంగని లోహాలని మనం అనుకుంటాం. నిజానికి క్రోమియం, టైటానియం రెండూ ఆక్సిజన్‌తో యమా చురుగ్గా కలుస్తాయి. గాలి తగిలిన క్షణంలోనే పైన ఒక ఆక్సైడ్ పొర కట్టేసుకుంటాయి. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు, వెంట్రుక మందంలో ఇరవై వేల వంతు అనుకోవచ్చు. అదీ ఒక రకం తుప్పే. కాకపోతే ఇనుప తుప్పులా పెళుసుగా రాలిపోదు, అతుక్కుని కూర్చుంటుంది. నివురుగప్పిన నిప్పు అంటామే, సరిగ్గా అదే. పైన బూడిద, లోపల కణకణలాడే లోహం. ఊదితే నివురు లేచిపోతుంది, కాసేపటికి మళ్లీ కప్పుకుంటుంది. కానీ కప్పుకున్న ప్రతిసారీ నిప్పు కొంచెం తరిగిపోతుంది. నేను ఈ పూట చెప్పేదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. పొర చిరిగితే కంగారు లేదు. మళ్లీ మళ్లీ, ఒకే చోట, రోజుకు కొన్ని వేల సార్లు చిరుగుతుంటేనే కష్టం.

అలా చిరిగే చోటు ఏది? ప్లేటు మధ్యలో నునుపుగా మెరిసే భాగం కాదు. స్క్రూ తల ప్లేటు రంధ్రంలో కూర్చునే చోటు. తీసేసిన ప్లేట్లు ఎన్నింటినో మైక్రోస్కోపు కింద చూశాను, మచ్చ ఎక్కువగా అక్కడే ఉంటుంది. దీనికి రెండు కారణాలు.

ఒకటి, సందు. స్క్రూ తల కింద వెంట్రుక కూడా దూరనంత సందులో ఒంటి నీరు చిక్కుకుంటుంది. లోపలున్న ఆక్సిజన్ పొర కట్టడానికి ఖర్చైపోతుంది, కొత్తది లోపలికి రాదు. ఆక్సిజన్ లేకపోతే చిరిగిన పొర మళ్లీ కట్టుకోలేదు. లోహం అయాన్లుగా కరగడం మొదలవుతుంది. ఆ అయాన్లకు ధన విద్యుదావేశం ఉంటుంది కాబట్టి, బయట ఉన్న క్లోరైడ్‌ను లోపలికి లాక్కుంటాయి. నీటితో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ లోహం ఇంకా కరుగుతుంది, ఇంకా క్లోరైడ్ వస్తుంది. బయట పీహెచ్ 7.4 ఉన్నా ఆ సందులో దానికి చాలా కిందికి పోతుంది. ఇంటర్ పిల్లలూ, దీన్ని రాసుకోండి, పరీక్షలో రాకపోయినా జీవితంలో వస్తుంది.

రెండోది, రాపిడి. అడుగు వేసినప్పుడల్లా స్క్రూ, ప్లేటు ఒకదాని మీద ఒకటి మైక్రోమీటర్లలో కదులుతాయి. కంటికి కనిపించదు, చేతికి తెలియదు. కానీ నివురు లేచిపోవడానికి అంత కదలిక చాలు. మామూలుగా తిరిగే మనిషి ఒక కాలితో ఏడాదికి సుమారు పది లక్షల అడుగులు వేస్తాడని ఇంప్లాంట్లు, అంటే ఒంట్లో అమర్చే ఇలాంటి ముక్కలు, పరీక్షించేవాళ్ల లెక్క. పది లక్షల సార్లు పొర లేవడం, పది లక్షల సార్లు కట్టడం. సందూ రాపిడీ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో ఇంక మీరే ఊహించుకోవచ్చు. స్టీలులో ఇది ఎక్కువ. ప్లేటు తీసేటప్పుడు దాని చుట్టూ కండ నల్లగా మారి కనిపించిందని డాక్టర్లు చెబుతుంటారే, ఆ నలుపు ఇలా రాలిన లోహపు పొడి.

మామూలుగా స్టీలు ప్లేటుకు టైటానియం స్క్రూ వేయరు, టైటానియం ప్లేటుకు స్టీలు స్క్రూ వేయరు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తాకితే చిన్న బ్యాటరీ తయారవుతుంది, ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. టైటానియం, కోబాల్ట్ క్రోమియం జంటను తుంటి ఇంప్లాంట్లలో వాడుతున్నారు, దాని కథ తర్వాత చెబుతాను.

(సభలోంచి ఒకరు: "మావోనికి ఏసిన ప్లేటు ఆర్నెల్లకే ఇరిగింది సారూ. తుప్పు పట్టే ఇరిగిందా?")

మంచి ప్రశ్న. ప్లేటు విరిగితే అందరూ మొదట అనేది రెండే మాటలు: నాసిరకం వేశారు, లేదా తుప్పు పట్టింది. ఒక్కోసారి నిజం కూడా. కానీ విరిగిన అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే చాలాసార్లు కనిపించేది సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి. ప్రతి గీతా పగులు కాస్త ముందుకు జరిగిన గుర్తు. అంటే మళ్లీ మళ్లీ బరువు పడి, లోహం అలసిపోయి విరిగిందన్నమాట. ప్లేటు ఎముకకు బదులుగా బతికినంతకాలం నిలబడడానికి చేసింది కాదు. ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచడానికి చేసింది. ఎముక ముందు అతుక్కోవాలి. అతుక్కోకపోతే బరువంతా ప్లేటు మీద పడుతుంది, ఎంత మంచి లోహమైనా ఏదో ఒక రోజు విరుగుతుంది. డాక్టర్ మూడు నెలలు కాలు మోపొద్దంటాడు. ఈలోగా వాన పడుతుంది, నాట్లు మొదలవుతాయి, కూలీ దొరకదు, మనవాడు పొలంలోకి దిగుతాడు. తప్పు పట్టను, కడుపు ఆగదు కదా. కానీ విరిగినప్పుడు లోహాన్ని తిడితే లాభం లేదు. తుప్పు పాత్ర కూడా ఉంటుంది, కాదనను. పగులు మొదలయ్యే చోటు చాలాసార్లు స్క్రూ రంధ్రం అంచు. అక్కడ తుప్పు గుంట ఒకటి ముందే ఉంటే పగులుకు పని తేలికవుతుంది.

ఇంకో మాట. చలికాలంలో కాలు గుంజుతుందని తుప్పు పట్టిందేమోనని టెన్షన్ పడకండి. బాగున్న చోట కొత్తగా నొప్పి, వాపు, చీము కారడం, స్క్రూ తల చర్మం కింద తగలడం లాంటివి వస్తే మాత్రం ఆగకుండా వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి.

ఇప్పుడు టైటానియం. ఆపరేషన్ ముందు రాత్రి బంధువులంతా కూర్చుని మాట్లాడుకునేది దీని గురించే. "ఎంతైనా సరే టైటానియమే ఏపిద్దాం." తుప్పు విషయంలో టైటానియం స్టీలు కంటే మేలు, అందులో సందేహం లేదు. దాని పొర క్లోరైడ్‌ను బాగా తట్టుకుంటుంది, చిరిగితే వెంటనే కట్టుకుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త 1950లలో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాన్ని బయటికి తీయబోతే రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. పంటి ఇంప్లాంట్లు ఆ గమనింపులోంచి వచ్చినవే. సాగే గుణంలో కూడా టైటానియం ఎముకకు దగ్గర. స్టీలు బిరుసుదనం సుమారు 200 గిగాపాస్కల్, టైటానియంది 110, గట్టి ఎముకది 20 లోపే. మరీ బిరుసు లోహం బరువంతా తానే మోస్తే, పని లేని ఎముక పలచబడుతుంది.

కానీ టైటానియం రాపిడికి మెత్తన. టైటానియం స్క్రూ టైటానియం ప్లేటులో బిగిసి జామ్ అయిపోతుంది, తీయబోతే తల అరిగిపోతుంది. డాక్టర్లు డ్రిల్లు పట్టుకుని తంటాలు పడతారు. అందుకే తర్వాత తీసేయాల్సిన చోట స్టీలే నయమనే సర్జన్లున్నారు, నాకు వాళ్ల మాట సబబుగానే అనిపిస్తుంది. అరవై ఏళ్ల ముసలాయన తుంటికీ, పన్నెండేళ్ల పిల్లవాడి ముంజేతికీ ఒకే లోహం పట్టుబట్టడం తెలివి కాదు. ధర తేడా కూడా తక్కువేం కాదు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం లాంటి ప్రత్యేక లోహాల రకానికి 76,600 రూపాయలు అన్నారు, జీఎస్టీ కాక.

టైటానియం స్క్రూలు బంగారు రంగులో, నీలంగా, ఆకుపచ్చగా ఉండటం చూసి "రంగు లోపల కరిగిపోదా" అని కొందరు భయపడతారు. అది రంగు కాదు. కరెంటు పెట్టి ఆక్సైడ్ పొరను కాస్త మందం చేస్తారు. పొర మందాన్ని బట్టి కాంతి అలా రంగులు చూపిస్తుంది. నర్సు సైజు గుర్తుపట్టడానికి అది సౌకర్యం. మన హైదరాబాద్‌లో 1973లో పెట్టిన మిధాని అనే ప్రభుత్వ రంగ లోహాల కంపెనీ టైటానియం మిశ్రమాలు తయారుచేస్తుంది, ఇంప్లాంట్లు కూడా చేస్తుంది. దేశీయ లోహం అనగానే మొహం ముడుచుకోనక్కర్లేదు.

తుంటి కథ చెబుతానన్నాను కదా. తుంటి మార్పిడిలో ఒక కాడ తొడ ఎముకలోకి దిగుతుంది, దాని కొసకు బంతి తొడుగుతారు, ఆ బంతి గిన్నెలో తిరుగుతుంది. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ అనే సర్జన్ లోహపు బంతికి గట్టి ప్లాస్టిక్ గిన్నె పెట్టి గెలిచాడు. ప్లాస్టిక్ అరుగుతుందని కొన్ని కంపెనీలు గిన్నె కూడా లోహంతోనే చేశాయి, కోబాల్ట్ క్రోమియం మీద కోబాల్ట్ క్రోమియం. కాగితం మీద అది ఎంతో బాగుంది. ఒంట్లోకి వెళ్లాక రెండు లోహాలు రాసుకుని, పొర లేచి, కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరాయి. కీలు చుట్టూ కండ దెబ్బతింది, గడ్డల్లాంటివి వచ్చాయి. 2010 ఆగస్టులో డిప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ రకం తుంటిని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అప్పటికి సుమారు 93 వేల మందికి అమర్చేశారు. అదే ఏడాది బ్రిటన్‌లో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఒక హద్దు చెప్పింది: లోహం మీద లోహం తుంటి ఉన్నవాళ్ల రక్తంలో ఈ లోహాలు లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే ఇంకా లోతుగా పరీక్షించాలని. ప్లాస్టిక్ గిన్నె ఉన్నంత మాత్రాన చిక్కు పూర్తిగా పోలేదు. టైటానియం కాడ మీద కోబాల్ట్ క్రోమియం బంతి తొడిగే ఆ మెడ దగ్గర మళ్లీ అదే సందు, అదే రాపిడి. చాలామందికి ఏమీ కాదు, కొందరికి అవుతుంది. పింగాణీ బంతులు పెరగడానికి అదొక కారణం.

మన దేశంలో ఆ ఏఎస్ఆర్ ఆపరేషన్లు సుమారు 4,700. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ రిపోర్టు 2018లో బయటికి వచ్చింది, ఒక్కొక్కరికి కనీసం 20 లక్షల పరిహారం ఇవ్వాలంది. కానీ ఇవ్వడానికి మనుషులు దొరకాలి కదా. వాళ్లలో చాలామందిని కనిపెట్టలేకపోయారు. తుంటి మార్చారని రోగికి తెలుసు, ఏ తుంటి పెట్టారో తెలియదు.

అందుకని ఇది మాత్రం గట్టిగా చెబుతాను. ఇంప్లాంటు ప్యాకెట్‌తో పాటు స్టిక్కర్లు వస్తాయి, కంపెనీ పేరు, రకం, సైజు, లాట్ నంబరు వాటి మీద ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటిస్తారు. ఇంకొకటి అడిగి తీసుకుని డిశ్చార్జి కాగితం మీద అంటించుకోండి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరోగ్యశ్రీలో చేసినా అడగండి, అది మీ హక్కు. విరిగిన ఎముకల ప్లేట్లు చాలాచోట్ల ట్రేలోంచి తీసి వేస్తారు, విడి ప్యాకెట్ ఉండదు. అప్పుడు ఏ లోహం, ఏ కంపెనీ అన్నది కాగితం మీద రాసిమ్మనండి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో, వేరే డాక్టరు ఆ స్క్రూ విప్పాలంటే ఏ స్క్రూడ్రైవరు పట్టుకోవాలో కూడా దాని మీదే ఆధారపడుతుంది. టైటానియమా స్టీలా అని రాత్రంతా వాదించుకునే బంధువులు పొద్దున ఈ ఒక్క కాగితం అడగడం మర్చిపోతారు.

ఇక ప్రశ్నలు.

(ఒక మహిళ: "మా అత్తమ్మ బూడిదల రాడ్డు నల్లగ దొరికింది సార్. లోపల అంత తుప్పు పట్టిందా?")

లేదమ్మా, అది చితి మంటలో పట్టిన నలుపు. స్టీలు సుమారు 1,400 డిగ్రీలకు గానీ కరగదు, టైటానియం 1,668కి గానీ కరగదు. చితి వేడి అక్కడిదాకా పోదు. కాబట్టి రాడ్డు మిగులుతుంది, పైన పొర మాత్రం మందంగా పెరుగుతుంది. స్టీలైతే నల్లబడుతుంది, టైటానియమైతే పసుపో నీలమో తెలుపో అవుతుంది. ఆవిడ ఉన్నన్నాళ్లు లోపల అలా లేదు. అస్థికలతో పాటు కాళేశ్వరం తీసుకెళ్లి గోదాట్లో వేయకండి, పాత ఇనుము వాళ్లకు ఇచ్చినా తప్పు లేదు.

(ఒకరు: "రాడ్ ఉంటే ఎమ్మారై తీస్తరా?")

316ఎల్ స్టీలును అయస్కాంతం పట్టదు, టైటానియాన్నీ పట్టదు. సాధారణంగా తీస్తారు. రాడ్డు ఉన్న చోట బొమ్మ చెదురుతుంది, స్టీలుతో ఎక్కువ చెదురుతుంది. మెషీన్ దగ్గరున్నవాళ్లకు ముందే చెప్పండి, ఆ కాగితం చూపించండి.

(ఒక ఇంటర్ విద్యార్థిని: "పని అయినంక కరిగిపోయే లోహం పెట్టరాదా సార్?")

పెట్టారమ్మా, నూరేళ్ల పైమాటే. బెల్జియంలో లాంబోట్ అనే సర్జన్ 1906లో ఒక అబ్బాయి విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి, ఉక్కు మేకులతో బిగించాడు. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీరు. బ్యాటరీ అని చెప్పాను కదా. ఎనిమిది రోజుల్లో ప్లేటు ముక్కలైపోయింది, చర్మం కింద గ్యాసు నిండిపోయింది. మెగ్నీషియం నీటితో కలిస్తే ఏ గ్యాసు వస్తుంది? హైడ్రోజన్, సరిగ్గా చెప్పావు. ఇప్పుడు మెగ్నీషియంలో వేరే మూలకాలు కొద్దిగా కలిపి, కరిగే వేగం తగ్గించి, ఉక్కు తగలకుండా స్క్రూలు చేస్తున్నారు. జర్మనీలో తయారైన అలాంటి స్క్రూకు 2013లో యూరప్ అనుమతి దొరికింది. కాలి బొటనవేలి దగ్గర వంకర సరిచేసే ఆపరేషన్ల లాంటి చిన్న పనులకు బాగానే ఉంది. తొడ ఎముకకు మాత్రం బరువు మోసే బలం చాలదు, పెద్ద ముక్క కరిగితే గ్యాసూ ఎక్కువే. కరిగే వేగాన్ని ఎముక అతుక్కునే వేగానికి సరిపెట్టడం మీద పరిశోధన నడుస్తోంది. నీకు ఇష్టముంటే ఇంజనీరింగ్‌లో మెటలర్జీ తీసుకో, అందరూ కంప్యూటర్సే తీసుకుంటున్నారు, మా బ్రాంచీలో సీట్లు ఖాళీగానే ఉంటున్నాయి.